అటక దిగిన ల్యాప్‌టాప్‌ల గురించి ప్రవాస తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ప్రవాస తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సొంతూరి బడికి ఏదో ఒకటి చేద్దామని ఏటా సంక్రాంతికి వచ్చే మిత్రులందరికీ:

నేను ముప్పై ఒక్కేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారిని. మా ఇల్లు బడికి రెండు సందుల అవతలే. అందుకని పెన్షన్ తీసుకుంటున్నా పొద్దున పది కాగానే కాళ్లు అటే పోతాయి. అలా పోయినప్పుడు సైన్సు ల్యాబులో మైలుతుత్తం సీసాల పక్కన, బీరువా కింది అరలో ఒకదానిమీద ఒకటి పేర్చిన పద్నాలుగు ల్యాప్‌టాప్‌లు కనబడ్డాయి. ఈ లేఖ వాటి గురించే.

అవి ఎలా వచ్చాయో మీరు ఊహించగలరు. పండగకి నాలుగు రోజుల ముందు బడి ఆవరణలో షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు, హెడ్మాస్టరు గారికి శాలువా కప్పారు, పదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతిలో ఒక్కొక్కటి పెట్టి ఫొటో తీశారు. ఏ సంఘం వారో రాయను. మంచి మనసుతో ఇచ్చినవాళ్లని నలుగురిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. పైగా చుట్టుపక్కల బళ్లలోనూ ఇదే కథ విన్నాను.

ఉగాది నాటికి అవన్నీ బీరువా ఎక్కాయి. ఎవరూ పాడుచేయలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. మా బడిలో పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. బెల్లు కొట్టగానే బటన్ నొక్కితే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. బాణం గుర్తు చెప్పినచోటికి కదిలేసరికి పావుగంట, బ్రౌజర్ తెరుచుకునేసరికి ఇంకో పది నిమిషాలు. ఒకరోజు సైన్సు టీచరమ్మ గుండె ఎలా కొట్టుకుంటుందో వీడియోలో చూపిద్దామని పిల్లల్ని కూచోబెట్టింది. సరిగ్గా అప్పుడే యంత్రం అప్‌డేట్ మొదలుపెట్టింది. ఆవిడ నల్లబల్ల మీద గుండె బొమ్మ వేసి, నాలుగు గదులూ రంగు చాక్‌పీసులతో దిద్ది, పాఠం ముగించి బయటికొస్తుంటే అప్‌డేట్ నలభై శాతం దగ్గరుంది. ఆ తరవాత ఆవిడ ల్యాప్‌టాప్ ఊసెత్తలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే చేసేవాణ్ని.

మొదట నేనూ ‘ముసలివైపోయాయి, పోనీలే’ అనుకున్నాను. ఆ మాట ఈమధ్య నా గురించి కూడా వినబడుతోంది కాబట్టి కాస్త గుచ్చుకుంది. మా మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడొకడు నా దగ్గర చదువుకున్నవాడే. ఒక ఆదివారం పిలిచాను. వాడు ఒకటి తెరిచి, అటూ ఇటూ నొక్కి చూసి, ‘దీనికి రోగమేం లేదు మాస్టారూ, మోయలేని బరువెత్తారంతే’ అన్నాడు.

దాని ర్యామ్ రెండు జీబీ. అందులో వేసి పంపింది విండోస్ 10. ఏ పనీ చేయకుండా ఊరికే కూచోడానికే ఆ సిస్టమ్‌కి జీబీన్నర దాకా పడుతుంది. మిగిలిన అరజీబీలో వైరస్ కాపలా, అప్‌డేట్, బ్రౌజర్, పిల్లవాడి పాఠం అన్నీ సర్దుకోవాలి. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన టీచర్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బల్ల విశాలంగా ఉంటే పేపర్ల కట్ట, జవాబుల సూచిక, మార్కుల షీటు పక్కపక్కన పరుచుకుని చకచకా దిద్దుకుపోతాం. బల్ల అరచేయంతే ఉంటే ప్రతి కాగితానికీ లేచి స్ట్రాంగ్ రూము దాకా వెళ్లిరావాలి. ర్యామ్ ఆ బల్ల అనుకోండి, హార్డ్ డిస్క్ స్ట్రాంగ్ రూము. మా యంత్రాలకి పొద్దస్తమానం వరండాలో నడకతోనే సరిపోయేది.

ఇలాంటివి మీ ఇళ్లలో, ఆఫీసుల్లో ఇప్పుడు కుప్పలుగా ఎందుకు పోగవుతున్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, అంటే 2017 తరవాతివే జాబితాలో ఉన్నాయి. అంతకుముందువి శుభ్రంగా పనిచేస్తున్నా జాబితాకి బయటే. అలా బయటపడ్డవే అటకెక్కి, ఒకనాడు అటక దిగి, మా ఊరి దారి పడుతున్నాయి. రానివ్వండి. మా పిల్లలకి అవి కావాలి. నేనడిగేది ఒక్కటే: పంపే ముందు ఆ యంత్రం మోయగలిగిన ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, నడిపి చూసి పంపండి. విండోస్ మీద నాకు పగేమీ లేదు. మా ఇంట్లో నేను వాడేది అదే.

మేమేం చేశామో చెబుతాను. మీకు పని తగ్గుతుంది.

విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగేది లైనక్స్. అందులో రకాల పేర్లు వందల్లో ఉన్నాయి. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర ఫొటోల్లా ఒకటి చూస్తుంటే ఇంకోటి బాగున్నట్టుంటుంది. మా కుర్రాడు మొదటి రోజే ఒక పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే సాధనం వేసి, అందులో ఏడెనిమిది సిస్టమ్‌లు నింపుకొచ్చి, ఏది కావాలో చెప్పండి అన్నాడు. నేను వద్దన్నాను. ముందు యంత్రాన్ని అడగాలి: నీ ప్రాసెసర్ 32 బిట్టా, 64 బిట్టా? నీ ర్యామ్ ఎంత? ఆ రెండు జవాబులూ తెలిస్తే పేర్లలో ముప్పాతిక వంతు వాటంతటవే రాలిపోతాయి. బయోస్ పాస్‌వర్డ్ అడిగి అసలు లోపలికే రానివ్వని మూడింటిని పక్కన పెట్టి, మిగిలిన పదకొండింటినీ మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్పలో రెండే. 2009 ప్రాంతపు పది అంగుళాల నెట్‌బుక్కులు. ఇంటెల్ యాటమ్ ఎన్270, 1.6 గిగాహెర్ట్జ్, ఒక జీబీ ర్యామ్. ఆ ప్రాసెసర్‌కి 32 బిట్ తప్ప తెలియదు. తెలియనివాళ్లు బోల్తాపడేది ఇక్కడే, కొత్త లైనక్స్‌లు చాలావాటితో అది లేవదు. ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్‌ని 2017లోనే మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో మామూలు 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ కూర్పుతో 32 బిట్ లైనక్స్‌కి సెలవు చెప్పింది. మాకు పనికొచ్చింది డెబియన్ 12 మీద కట్టిన యాంటిఎక్స్ 23. గ్రీసులో పుట్టిన ఈ సిస్టమ్ పేరుని ‘యాంటిక్స్’ అని పలకాలట, అంటే కోతిచేష్టలు. పాత ఇనుముతో మేం పడ్డ పాట్లకి సరిపోయే పేరే. తెర తెరుచుకుని ఊరికే ఉన్నప్పుడు అది మా నెట్‌బుక్కులో వాడుకున్నది రెండు వందల ఎంబీ కూడా లేదు. మొదటిసారి ఆ అంకె చూసి తప్పు చదివాననుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

అయినా ఆ రెండింటినీ ఇంటర్నెట్‌కి కలపలేదు. టైపింగ్ నేర్చుకోడానికి, టక్స్ మ్యాథ్‌లో ఎక్కాలు కొట్టుకోడానికి ఆరో తరగతి వాళ్లకిచ్చాం. 2007లో వచ్చిన ఆసుస్ ఈఈఈ పీసీ చాలామందికి గుర్తుండదు. ఏడు అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, నాలుగు జీబీ స్టోరేజీ, లోపల లైనక్స్. జనం దాన్నే అపురూపంగా కొనుక్కున్నారు. దాంతో పోలిస్తే మావి సంపన్నుల బిడ్డలు.

రెండో కుప్పలో నాలుగు. పదకొండున్నర అంగుళాల తెర, సెలెరాన్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ. 2015 ప్రాంతంలో చవగ్గా వచ్చి విద్యార్థుల ల్యాప్‌టాప్‌గా అమ్ముడుపోయిన రకం. చూడ్డానికి కొత్తగా, తేలిగ్గా ఉంటాయి. మోసపోయేదీ వీటితోనే. ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచడం కుదరదు. ఆ 32 జీబీలో విండోస్ 10 కూచున్నాక అప్‌డేట్‌కి చోటుండదు. చోటు లేదని చెప్పడానికే అది రోజూ నిద్రలేచేది. వీటికి లుబుంటు బాగుంటుందని వేశాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ ఫైర్‌ఫాక్స్‌లో రెండో ట్యాబ్ తెరిచేసరికి ఆయాసపడింది. తీసేసి యాంటిఎక్స్ 64 బిట్ వేశాం. పైన జెడ్‌ర్యామ్ పెట్టాం. అప్పటికి అక్కర్లేని సరుకుని మెమొరీలోనే నొక్కి మూటగట్టి ఉంచే ఏర్పాటది, చలికాలం దుప్పట్లు వేసవిలో మూటగట్టుకున్నట్టు. రెండు జీబీల యంత్రానికి అది చాలా మేలు చేసింది.

ఈ నాలుగింట్లో ఒకటి మమ్మల్ని రెండు ఆదివారాలు ఏడిపించింది. పెన్‌డ్రైవ్ పెడితే అసలు చూడదు. చివరికి తేలిందేమిటంటే దాని ప్రాసెసర్ 64 బిట్, దాన్ని నిద్రలేపే యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్. కోడలు ఒక భాష, అత్త ఒక భాష. ఇంటెల్ బేట్రైల్ తరం చిన్న యంత్రాల్లో ఈ కాపురం మామూలేనట. డెబియన్ వాళ్లు ఇలాంటి జంటల కోసం కూడా ఏర్పాటు చేసిపెట్టారు. దాంతోనే లేచింది. అందువల్ల ఆ ఒక్కదాంట్లో డెబియన్ 12 ఉంది. దాని దీర్ఘకాలపు మద్దతు 2028 జూన్ దాకా.

మూడో కుప్పలోవి అయిదు. బరువైనవి, మందపాటివి, ఒకప్పుడు ఏ ఆఫీసు బల్ల మీదో దర్జాగా బతికినవి. రెండో తరం, మూడో తరం ఐ3, ఐ5లు, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కులు. చూడ్డానికి వీటికన్నా ముసలివి లేవు, పనికి వీటికన్నా గట్టివి లేవు. లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాం. దానికి కనీసం 2 జీబీ, హాయిగా నడవాలంటే 4 జీబీ ర్యామ్ అని వాళ్లే చెబుతారు. కింద పట్టీ, మూలన మెనూ, గడియారం ఉండాల్సినచోట గడియారం. విండోస్ అలవాటైన మా టీచర్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను సిస్టమ్‌కి వేసే మార్కుల్లో ఎక్కువ భాగం దానికే.

అయితే మింట్ వేసిన రోజు కూడా అవి నత్తల్లాగే లేచాయి. సిస్టమ్ మార్చాంగా, ఇంకేమిటి అనుకున్నాం. తప్పు తిరిగే డిస్కుది. పాత విద్యార్థులు కొందరు చందా వేసుకుని అయిదు ఎస్‌ఎస్‌డీలు కొనిచ్చారు. మార్చడం స్క్రూడ్రైవరుతో పావుగంట పని. ఇప్పుడు బటన్ నొక్కి, హాజరు పిలిచి, తల పైకెత్తేలోగా తెర సిద్ధంగా ఉంటోంది. ఒక్క రూపాయే మిగిలితే దాన్ని దేనికి పెట్టాలని మీరు నన్నడిగితే, డిస్కు మార్చే వీలున్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీకే పెట్టమంటాను.

ఇక మేం వద్దనుకున్నవి. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గూగుల్ ఉచితంగానే ఇస్తోంది. కనీసం 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ, 64 బిట్ ప్రాసెసర్ అడుగుతుంది. నెట్ నిలకడగా ఉండే ఇంటికి, బ్రౌజర్ తప్ప ఇంకేం అక్కర్లేని అమ్మానాన్నలకి బాగానే ఉంటుంది. మా బడిలో నెట్ అంటే హెడ్మాస్టరు గారి జేబులోని ఫోను. పప్పీ లైనక్స్ సంగతి వేరు. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్ నుంచి మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి పరిగెడుతుంది. మూలనపడ్డ యంత్రంలోంచి పెళ్లి ఫొటోలు బయటికి లాగాలంటే మా కుర్రాడు వాడేది అదే. కానీ మామూలుగా అది అన్ని అధికారాలూ ఉన్న రూట్ ఖాతాలోనే నడుస్తుంది. అలాంటిదాన్ని ఎనిమిదో తరగతి బి సెక్షన్ చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు.

మూడోది, అసలు ప్రమాదమైనది, ‘లైట్ విండోస్’. ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు విండోస్‌లోంచి కొన్ని భాగాలు పీకేసి, అప్‌డేట్లు ఆపేసి, పంచిపెట్టే కూర్పులివి. పట్నంలో రిపేరు షాపుల్లో అడిగితే ముందు చెప్పేది వీటి గురించే. వేగంగా ఉంటాయి, అబద్ధం చెప్పను. కానీ ఏం తీశారో, ఏం పెట్టారో ఎవరికీ తెలియదు. పిల్లలు ఆధార్ నంబరు కొట్టి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపే యంత్రంలో దాన్ని వేయలేం. మేం బీరువాలోంచి తీసిన వాటిలోనూ ఒకదాంట్లో ఇదే ఉంది.

తేలిక సిస్టమ్ వేస్తే అన్నీ తేలికైపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. మేం నమ్మి దెబ్బతిన్నాం. రెండు వందల ఎంబీల సిస్టమ్ మీద బ్రౌజర్ తెరిచి, ప్రకటనలు గంతులేసే వార్తల సైటు ఒక్కటి పెడితే అది సిస్టమ్‌కన్నా ఎక్కువ మెమొరీ తింటుంది. బ్రౌజర్‌కి తేలిక రూపం అంటూ చెప్పుకోదగ్గది ఏదీ మాకు దొరకలేదు. తేలికవన్నీ సగం సైట్లని సరిగా చూపించవు. అందుకే ఫైర్‌ఫాక్సే ఉంచి, ప్రకటనలని అడ్డుకునే యుబ్లాక్ ఆరిజిన్ పెట్టి, గోడ మీద ‘మూడు ట్యాబ్‌లు దాటరాదు’ అని రాయించాం.

వీడియోదీ అదే గొడవ. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో వీడియో పంపుతుంది. పదేళ్లు దాటిన గ్రాఫిక్స్ చిప్పులు చాలావాటికి హెచ్.264 ఒక్కటే సొంతంగా విప్పడం వచ్చు. మిగతావి వస్తే భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను హెలికాప్టర్‌లా మోగుతుంది. హెచ్.264నే అడిగి తెప్పించే చిన్న జోడింపు ఒకటి బ్రౌజర్‌కి పెట్టి, నాణ్యత 480 దగ్గర కట్టేస్తే బొమ్మ ఆగకుండా సాగుతుంది. అంతకన్నా మంచి పని, పాఠాల ఫైళ్లు ముందే తెచ్చుకుని వీఎల్‌సీలో చూపించడం. సైన్సు టీచరమ్మ గుండె పాఠం ఇప్పుడు అలాగే నడుస్తోంది. నల్లబల్ల మీద బొమ్మ మాత్రం ఇప్పటికీ వేస్తుంది. నెట్ లేకుండా చదువుకునేందుకు కివిక్స్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించిపెట్టాం. పిల్లలు అందులో మొదట వెతికింది మా ఊరి పేరు.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. ఎందుకంటే పంపేవాళ్లు దీన్ని పూర్తిగా మరిచిపోతున్నారు. కొత్తగా వేసిన కొన్ని సిస్టమ్‌లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలకి బదులు డబ్బాలు కనబడతాయి. పిల్లవాడికి అది పాడైన యంత్రమే. డెబియన్ ప్యాకేజీల్లోనే లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. రెండు నిమిషాల పని. టైపింగ్‌కి ఐబస్, దానికి ఎం17ఎన్ పొర వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్టీఎస్, సరళ అన్నీ వస్తాయి. మేం ఇన్‌స్క్రిప్ట్ నేర్పుతున్నాం. మొదటి వారం పిల్లలు గొణిగారు, ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు కదా. కానీ ఇన్‌స్క్రిప్ట్ వచ్చిన పిల్లకి హిందీ అక్షరాలు కూడా అవే మీటల మీద దొరుకుతాయి. అది చూసి మా హిందీ పండిట్ గారు తన పీరియడ్ కూడా ల్యాబుకి మార్చుకున్నారు.

ఇదంతా విని మా ఊరి డీటీపీ సెంటర్ ఆయన తన కంప్యూటరు పట్టుకొచ్చి ‘నాకూ వేసిపెట్టండి మాస్టారూ’ అన్నాడు. వద్దని పంపించేశాను. ఆయన బతుకంతా పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు, విండోస్ దాటి రావు. పెళ్లి శుభలేఖల సీజనులో ఆయన పొట్టకొట్టడం నాకిష్టం లేదు.

బళ్లలో లైనక్స్ కొత్తేం కాదు. కేరళ ప్రభుత్వ బళ్లలో కంప్యూటర్ పాఠం, పదో తరగతి ఐటీ పరీక్షతో సహా, లైనక్స్ మీదే సాగుతుంది. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలై 2017లో కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారిన సంస్థ సొంతంగా సిస్టమ్ తయారుచేసి, టీచర్లకి శిక్షణ ఇచ్చి, చెడిపోతే ఎవరికి చెప్పాలో కూడా చెబుతుంది. మన దగ్గరా మనుషులు లేకపోలేదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా తెలుగులో లైనక్స్ కోసం పనిచేస్తున్నారు. ఒక్కో బడి ఒక్కో ఆదివారం ఒక్కో కుర్రాణ్ని పట్టుకుని చేసుకునే స్థితి మాత్రం మనది.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. పది రకాల ల్యాప్‌టాప్‌లు పది కాకుండా, ఒకే రకం అయిదు పంపండి. ఒకదాని చార్జరు ఇంకోదానికి పనికొస్తుంది, ఒకటి పూర్తిగా పోతే దాని కీబోర్డు మిగతావాటికి వస్తుంది. బ్యాటరీ పదిహేను నిమిషాలైనా నిలబడాలి. మా దగ్గర మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలు, నిలబడని బ్యాటరీతో పాఠం మధ్యలో తెర నల్లబడుతుంది. ఉబ్బిన బ్యాటరీ ఉన్నది మాత్రం దయచేసి పంపవద్దు, పిల్లలు తాకే వస్తువది. మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కుని పూర్తిగా చెరిపి ఇవ్వండి. మేం తెరిచినవాటిలో ఒకదాంట్లో ఎవరిదో ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను అలాగే ఉంది. చూడకుండా చెరిపేశాం, అందరూ అలా చేస్తారని చెప్పలేను.

సిస్టమ్ వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో నడిపి చూడండి. వైఫై పట్టిందా, శబ్దం వస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా. పాత బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులు కొన్ని ఫర్మ్‌వేర్ లేనిదే పలకవు. డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌లు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నా అన్నిటికీ కావు. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే లైనక్స్ దాన్ని తీగ నెట్‌గా భావించి వెంటనే కలిసిపోతుంది. మాకు ఇది తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది, మీకు ఒక వాక్యంలో చెప్పేశాను. అన్నీ సరిపోయాక అదే సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ల్యాప్‌టాప్‌తోపాటు సంచీలో వేయండి. ఏడాది తరవాత ఎవరో ఏదో నొక్కి చెడగొడతారు. అప్పుడు మీకు ఫోన్ చేయకుండా మేమే మళ్లీ వేసుకుంటాం.

ఫ్లెక్సీకి, శాలువాలకి పెట్టే డబ్బులో కొంత మండల కేంద్రంలోని ఒక రిపేరు కుర్రాడి చేతికివ్వండి. నెలకొకసారి వచ్చి దుమ్ము దులిపి, ఫ్యాను శుభ్రం చేసి, అప్‌డేట్ చేసిపోతాడు. మా వాడు ఇంతవరకూ పైసా పుచ్చుకోలేదు. గురుదక్షిణ అంటాడు. అది ఎన్నాళ్లు సాగుతుందని మీరే ఆలోచించండి, వాడికీ పెళ్లయింది.

పక్కన పెట్టామని చెప్పిన ఆ మూడూ ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మూడూ ఒకే మోడల్, నల్లవి. కుర్రాడు ఒకదాని అడుగు విప్పి చూస్తే ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. పద్నాలుగింట్లోకీ మేలైనవి అవే. బటన్ నొక్కగానే బయోస్ పాస్‌వర్డ్ అడుగుతాయి. వెనకాల ఏదో ఆఫీసు ఆస్తి నంబరు స్టిక్కరు సగం చిరిగి ఉంది. ఆ సంఘంలో వీటిని ఇచ్చినవారు ఎవరో రాసిపెట్టుకున్న కాగితం మా దగ్గర లేదు. ఈ లేఖ చదివి, అవి మీవేనని గుర్తుపడితే, ఆ పాస్‌వర్డ్ ఏమిటో హెడ్మాస్టరు గారికి ఒక్క ఫోన్ చేసి చెప్పండి. తాళం వేసింది మీ ఆఫీసువాళ్లయితే వాళ్లని అడిగి చెప్పండి. జూన్ 12న బడి తెరుస్తారు.

ఇట్లు,
మీ ఊరి లెక్కల మాస్టారు